అమెరికా సంబంధానికి ముహూర్తం పెట్టే ముందు: వీసా, ఉద్యోగ అనుమతుల లెక్కతో పెళ్లి ప్రణాళిక

“గ్రీన్ కార్డు చేతికి రానివ్వండి, ఆ వెంటనే ముహూర్తం పెట్టించేద్దాం” అని అమెరికాలో ఉన్న అబ్బాయి తల్లిదండ్రులు పెళ్లిచూపుల్లో చెప్పే మాట ఎంతో భరోసాగా వినిపిస్తుంది. ఆ మాట ప్రకారం నడిస్తే పెళ్లయిన అమ్మాయి కాపురానికి వెళ్లడానికే ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి రావచ్చు. అదే గ్రీన్ కార్డు మంజూరు కావడానికి ఒక్క రోజు ముందు మూడు ముళ్లూ పడి ఉంటే, ఆమెకు భర్త దరఖాస్తులోనే, భర్త వరుసలోనే చోటు దొరుకుతుంది. రెండు పెళ్లిళ్లకూ మంత్రాలు అవే, భోజనాలు అవే. తేడా అంతా తేదీలోనే ఉంది.

అందుకే అమెరికా సంబంధం విషయంలో ముందు కాగితాలు, తర్వాత పంచాంగం చూడాలన్నది నా అభిప్రాయం. ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఉన్న అమ్మాయికి, అమెరికాలో ఉద్యోగం చేస్తున్న అబ్బాయికి పెళ్లి కుదిరిన సందర్భాన్ని ఆధారంగా తీసుకుని ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఉద్యోగం అమ్మాయిది, వెంట వెళ్లేది అబ్బాయి అయినా నియమాలు ఇవే. రుసుములూ నిబంధనలూ తరచూ మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసే రోజున అధికారిక వెబ్‌సైట్లలో మరొకసారి సరిచూసుకోవాలి.

మొదటి మెట్టు: హోదాను మాట మీద కాదు, కాగితం మీద చూడండి

“అబ్బాయికి హెచ్-వన్ ఉంది”, అంటే హెచ్-1బి ఉద్యోగ వీసా ఉంది, అన్న ఒక్క వాక్యంతో ఏమీ తేలదు. అడగవలసిన ప్రశ్నలు నాలుగు ఉన్నాయి: ప్రస్తుతం ఏ హోదాలో ఉన్నాడు, ఆ హోదా ఎప్పటి వరకు చెల్లుతుంది, పాస్‌పోర్టులోని వీసా స్టాంపు ఎప్పటి వరకు చెల్లుతుంది, గ్రీన్ కార్డు ప్రక్రియ ఏ దశలో ఉంది. హోదా గడువు వేరు, స్టాంపు గడువు వేరు అన్న సంగతి చాలా ఇళ్లలో పెద్దలకు తెలియదు. హెచ్-1బి ఆమోదం 2028 వరకు ఉన్నా స్టాంపు 2024లోనే ముగిసి ఉండవచ్చు. అలాంటి అబ్బాయి అమెరికాలో నిశ్చింతగా ఉద్యోగం చేసుకోగలడు గానీ, పెళ్లికని ఇక్కడికి వస్తే మళ్లీ స్టాంపింగ్ చేయించుకోకుండా తిరిగి వెళ్లలేడు.

గ్రీన్ కార్డుకు ఉద్యోగం ద్వారా వెళ్లే దారిలో సాధారణంగా మూడు దశలు ఉంటాయి. ముందు యజమాని పెర్మ్ అనే కార్మిక ధ్రువీకరణ పొందాలి, తర్వాత ఐ-140 అర్జీ ఆమోదం పొందాలి, వరుస వచ్చినప్పుడు ఉద్యోగి ఐ-485 దరఖాస్తు చేసుకోవాలి. ఏటా సుమారు 1,40,000 ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డులు ఉండడం, ఒక్కో దేశంలో పుట్టినవారికి 7 శాతం పరిమితి ఉండడం వల్ల, భారతదేశంలో పుట్టినవారు రెండో దశకూ మూడో దశకూ మధ్య పదేళ్లకు పైగా ఆగిపోతున్నారు. అయితే అమ్మాయి ఉద్యోగానికి సంబంధించినంతవరకు అసలు మలుపు ఆ మధ్య దశ అయిన ఐ-140 ఆమోదం దగ్గరే ఉంది. పెళ్లి సంబంధాల వివరాల్లో జీతం పక్కన “ఐ-140 అయింది” అని రాసుకోవడం మొదలైంది ఇందుకే.

ఆమోద పత్రాన్ని ఐ-797 అంటారు. దాని మీద మూడు అక్షరాలు, పది అంకెలు కలిసిన రసీదు సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను అమెరికా పౌరసత్వ, వలస సేవల విభాగం వెబ్‌సైట్‌లో వేస్తే దరఖాస్తు స్థితి ఎవరికైనా కనిపిస్తుంది. ఈ పత్రం అడగడం మర్యాద కాదని అమ్మాయి తరఫువారు మొహమాటపడతారు. నా దృష్టిలో ఇది జాతకం అడగడం కంటే పెద్ద విషయమేమీ కాదు. పైగా రేపు వీసా ఇంటర్వ్యూకు అదే కాగితం అమ్మాయి చేతిలో ఉండాలి.

ఇంకొక ప్రశ్న దాదాపు ఎవరూ అడగరు: అమ్మాయి ఎక్కడ పుట్టింది? పైన చెప్పిన 7 శాతం లెక్క పౌరసత్వాన్ని బట్టి కాక పుట్టిన దేశాన్ని బట్టి ఉంటుంది, భార్యాభర్తల్లో ఒకరు పుట్టిన దేశపు కోటాను మరొకరు వాడుకోవడానికి చట్టం వీలిస్తుంది. తండ్రి ఉద్యోగరీత్యా కువైట్‌లోనో మస్కట్‌లోనో పుట్టిన తెలుగు అమ్మాయిలు మనలో తక్కువేమీ కాదు. అలాంటి అమ్మాయిని చేసుకున్న అబ్బాయి, భారతదేశపు వరుసను వదిలి ఆమె పుట్టిన దేశపు వరుసలో నిలబడవచ్చు. ఏ కట్నమూ కొనలేని పదేళ్ల కాలం ఆమె జనన ధ్రువపత్రంలో ఉందన్నమాట.

రెండో మెట్టు: ఆ హోదా వెంట వచ్చే ఉద్యోగ హక్కు ఏమిటో తేల్చుకోండి

అబ్బాయి హెచ్-1బిలో ఉంటే అమ్మాయికి వచ్చేది హెచ్-4. ఈ హోదాలో చదువుకోవచ్చు, అదీ పూర్తికాలం. ఉద్యోగం మాత్రం చేయకూడదు. 2015 మే 26 నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం, భర్తకు ఐ-140 ఆమోదం ఉన్నా, గ్రీన్ కార్డు ప్రక్రియ కారణంగా ఆరేళ్ల పరిమితి దాటి హెచ్-1బి పొడిగింపు పొంది ఉన్నా, భార్య ఈఏడీ అనే ఉద్యోగ అనుమతి కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ నియమాన్ని కొట్టివేయాలని కొందరు ఏళ్లపాటు న్యాయపోరాటం చేశారు. 2025 అక్టోబరులో అమెరికా సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యాన్ని విచారణకు స్వీకరించకపోవడంతో ప్రస్తుతానికి నియమం నిలబడింది. కోర్టులో నిలిచిన నియమాన్ని ప్రభుత్వం కొత్త నిబంధన ద్వారా మార్చే వీలు ఉంటుందన్నది కూడా మనసులో ఉంచుకోవాలి.

ఐ-140 ఇంకా కాని అబ్బాయి అయితే, అమ్మాయి ఎన్నేళ్లు ఖాళీగా ఉండవలసి వస్తుందో లెక్క వేసుకుని ఒప్పుకోవాలి. యజమాని పెర్మ్ మొదలుపెట్టాడా, లేదా అని అడగండి. మొదలుకాకపోతే రెండు, మూడు సంవత్సరాలు పట్టినా ఆశ్చర్యపోనక్కరలేదు. ఐ-140 ఆమోదం పొంది 180 రోజులు దాటితే, ఆ తర్వాత పాత యజమాని దానిని వెనక్కి తీసుకున్నా భార్య ఈఏడీకి సాధారణంగా ఇబ్బంది ఉండదు. కాబట్టి పెళ్లి ముందర ఉద్యోగం మారాలనుకునే అబ్బాయి ఆ 180 రోజులు ఆగడం మంచిది.

హెచ్-4లో ఉండి, హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచి పని చేస్తూ జీతం రూపాయల్లో తీసుకుంటే తప్పులేదని ఒక నమ్మకం ప్రచారంలో ఉంది. శరీరం అమెరికాలో ఉండి చేసే పని కాబట్టి, ఈఏడీ లేకుండా అలా చేయడం హోదాకు ముప్పు తెస్తుంది. ఆ సాహసం వద్దు.

అబ్బాయి ఎల్-1లో, అంటే ఇక్కడి శాఖలో కనీసం ఏడాది పనిచేసి అదే సంస్థ అమెరికా శాఖకు బదిలీ అయిన హోదాలో ఉంటే పరిస్థితి పూర్తిగా వేరు. 2021 నవంబరు నుంచి ఎల్-2 భార్యకు విడిగా ఈఏడీ అవసరం లేదు. ఐ-94 అనే రాక రికార్డు మీద ఎల్-2ఎస్ అన్న గుర్తు ఉంటే చాలు, దిగిన వారం నుంచే ఉద్యోగంలో చేరవచ్చు. ఇద్దరూ ఉద్యోగాలు మానకూడదనుకునే జంటకు ఇంతకంటే సులువైన దారి లేదు. పెద్ద కంపెనీలో హైదరాబాదు నుంచే ఎల్-1 మీద వెళ్లే అవకాశం ఉన్న అబ్బాయి, హెచ్-1బి లాటరీ మోజులో దానిని వదులుకోకుండా ఒకసారి ఆలోచించాలి.

అబ్బాయి ఇంకా ఎఫ్-1లో, అంటే చదువులోనో, చదువు తర్వాత తాత్కాలికంగా పనిచేసే అనుమతి అయిన ఓపీటీలోనో ఉంటే, భార్యకు వచ్చే ఎఫ్-2లో ఉద్యోగానికి ఏ దారీ లేదు, పూర్తికాల చదువుకూ లేదు. తిరిగి స్వదేశానికి వస్తానని అధికారిని నమ్మించవలసిన వీసా కూడా అదే. హెచ్-4కు ఆ బాధ్యత లేదు. వీలుంటే అబ్బాయి హెచ్-1బికి మారిన తర్వాతే పెళ్లి పెట్టుకోవాలని నేను చెబుతాను.

ఇప్పుడు మొదట ప్రస్తావించిన గ్రీన్ కార్డు మాటకు వద్దాం. ఐ-485 మంజూరు కాకముందే పెళ్లి జరిగి ఉంటే, ఆ తర్వాత భర్తకు గ్రీన్ కార్డు వచ్చినా భార్య “వెంట చేరే” భాగస్వామిగా అదే వరుసలో వీసా పొందవచ్చు. దీనికోసం భర్త ఐ-824 అనే దరఖాస్తు వేస్తాడు. మంజూరైన తర్వాత పెళ్లి జరిగితే, కుటుంబ ఆధారిత ఎఫ్2ఎ విభాగంలో కొత్తగా అర్జీ పెట్టి ఏళ్లు వేచి ఉండాలి. భర్త ఇక హెచ్-1బిలో ఉండడు కాబట్టి హెచ్-4 దారి కూడా మూసుకుపోతుంది. వరుస దగ్గరపడుతున్న అబ్బాయికి సంబంధం కుదిరితే, ఆడంబరమైన పెళ్లి తర్వాత చేసుకోవచ్చు గానీ చట్టబద్ధమైన పెళ్లి మాత్రం వెంటనే జరగాలి.

అబ్బాయి అమెరికా పౌరుడైతే రెండు దారులు ఉన్నాయి. పెళ్లి చేసుకుని ఐ-130 అర్జీ వేస్తే భార్యకు సంఖ్యా పరిమితి లేదు. ఇంటర్వ్యూ సాధారణంగా ముంబై కాన్సులేట్‌లో జరుగుతుంది, అమెరికాలో దిగిన రోజు నుంచే శాశ్వత నివాస హోదా, దానితోపాటు ఉద్యోగ హక్కు ఉంటాయి. దిగేనాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే ఇచ్చేది రెండేళ్ల షరతుల కార్డు. దాని గడువు ముగిసే ముందు 90 రోజుల్లో ఐ-751 వేసి షరతు తీయించుకోవాలి. రెండో దారి కె-1 అనే కాబోయే భార్య వీసా: వెళ్లి 90 రోజుల్లో అక్కడే పెళ్లి చేసుకోవాలి, తర్వాత 1,440 డాలర్ల రుసుముతో ఐ-485 వేయాలి, ఈఏడీ వచ్చేదాకా ఉద్యోగం ఉండదు. పైగా మన నిశ్చితార్థాలు దండలు, తలంబ్రాల చీరలు, ఐదు వందల మంది అతిథులతో పెళ్లికి ఏమాత్రం తీసిపోవు. ఆ ఫొటోలు చూసిన అధికారికి పెళ్లి ఎప్పుడో అయిపోయిందన్న అనుమానం వస్తే కె-1 నిలవదు. తెలుగు కుటుంబాలకు మొదటి దారే మేలు.

అమ్మాయి ఇప్పటికే అమెరికాలో చదువుకుని ఓపీటీ మీద ఉద్యోగం చేస్తుంటే, పెళ్లయింది కదా అని హెచ్-4కు మారనక్కరలేదు. మారిన రోజునే ఓపీటీ హక్కు పోతుంది. ఎవరి హోదాలో వారు ఉంటూ కాపురం చేసుకోవడానికి చట్టం ఏ అడ్డూ పెట్టలేదు.

మూడో మెట్టు: పంచాంగాన్ని అమెరికా క్యాలెండర్ పక్కన పెట్టి చూడండి

ఓపీటీలో ఉన్న అబ్బాయికి హెచ్-1బి లాటరీలో పేరు వచ్చిన సంవత్సరం అత్యంత జాగ్రత్త అవసరమైన సంవత్సరం. లాటరీ నమోదు మార్చిలో, అర్జీలు ఏప్రిల్ 1 నుంచి, కొత్త హోదా అక్టోబరు 1 నుంచి. అమెరికాలోనే ఉంటూ ఎఫ్-1 నుంచి హెచ్-1బికి మారే దరఖాస్తు పెండింగులో ఉండగా దేశం దాటితే, హోదా మార్పు కోరికను వదులుకున్నట్టు పరిగణిస్తారు. ఇంతకుముందు దీని మూల్యం ఒక అదనపు స్టాంపింగ్ మాత్రమే. 2025 సెప్టెంబరు 21 నుంచి ఏడాది కాలానికంటూ అమలులోకి వచ్చిన అధ్యక్ష ప్రకటన, దేశం వెలుపల ఉన్నవారి కొత్త హెచ్-1బి అర్జీలకు 1,00,000 డాలర్ల చెల్లింపును జోడించింది. హోదా మార్పు తేలకముందే దేశం విడిచిన వ్యక్తి అర్జీకీ అది వర్తిస్తుందని ఆ తర్వాతి మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. ఏ యజమానీ తన ఉద్యోగి పెళ్లి ప్రయాణం కోసం అంత మొత్తం కట్టడు. దరఖాస్తు చేసే నాటికి ఈ ప్రకటన కొనసాగుతోందో లేదో తప్పక చూసుకోవాలి.

దీనిని మన మాసాలతో కలిపి చూస్తే ఇలా తేలుతుంది. మాఘంలో, అంటే జనవరి చివర నుంచి ఫిబ్రవరిలో వచ్చే ముహూర్తం అర్జీ వేయకముందే ముగిసిపోతుంది కాబట్టి మంచిది, అయితే ఎఫ్-1 స్టాంపు చెల్లుబాటులో ఉండాలి. ఫాల్గుణం మొదట్లో అయితే సరే, చివరికి వచ్చేసరికి ప్రయాణం ఏప్రిల్‌లోకి జారకుండా చూసుకోవాలి. వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం ఆ ఏడాదికి వద్దనే అనుకోవాలి. ఆషాఢంలో మనకు ఎలాగూ ముహూర్తాలు ఉండవు. కార్తీకం, మార్గశిరం వచ్చేసరికి అక్టోబరు 1 దాటిపోతుంది, అబ్బాయి కొత్త హోదాలో ఉంటాడు. అప్పుడు ఉండే చిక్కు స్టాంపింగే.

ఆ చిక్కు చిన్నది కాదు. 2025 సెప్టెంబరు 2 నుంచి ఇంటర్వ్యూ మినహాయింపు చాలా మందికి తీసేశారు, అదే నెల నుంచి సొంత దేశంలోనో నివసించే దేశంలోనో మాత్రమే దరఖాస్తు చేయాలని చెప్పారు, డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలను పరిశీలించడం మొదలుపెట్టారు. ఆ మార్పు వల్ల డిసెంబరు ఇంటర్వ్యూ స్లాట్లు ఒక్కసారిగా మార్చికీ అంతకంటే దూరానికీ జరిగిపోయి, మూడు వారాల సెలవు మీద పెళ్లికి వచ్చిన అబ్బాయిలు ఇక్కడే చిక్కుకున్నారు. కాబట్టి స్టాంపు లేని అబ్బాయి ముందు స్లాట్ బుక్ చేసుకుని, ఆ తేదీ చుట్టూ ముహూర్తం వెతకమని పురోహితుడిని అడగాలి. స్లాట్ జరిగితే ఇక్కడి నుంచే కొన్ని వారాలు పని చేయడానికి యజమాని ఒప్పుకుంటాడో లేదో కూడా ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

నాలుగో మెట్టు: పేరు, పాస్‌పోర్టు

మన ఇంటిపేర్లు అమెరికా ఫారాలకు ఎప్పుడూ తలనొప్పే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఒకే గడిలో ఉంటే, వీసా మీద ఆ పేరంతా ఇంటిపేరుగా మారి, అసలు పేరు స్థానంలో “ఎఫ్ఎన్‌యూ”, అంటే పేరు తెలియదు అని అచ్చవుతుంది. అక్కడికి వెళ్లాక డ్రైవింగ్ లైసెన్సు నుంచి బ్యాంకు ఖాతా వరకు అదే పేరు వెంటాడుతుంది. నిశ్చితార్థం నాటికే ఇంటిపేరు, పేరు విడివిడిగా ఉండేలా పాస్‌పోర్టు తిరిగి తీసుకోండి. గడువు తక్కువగా మిగిలి ఉన్నా అదే దరఖాస్తులో కొత్తది వచ్చేస్తుంది. దీని అవసరం చివర్లో తెలుస్తుంది.

పెళ్లి కాగానే భర్త ఇంటిపేరుకు మార్చుకోవాలన్న తొందర వద్దు. భార్య వీసాకు ఇంటిపేరు ఒకటి కావాలన్న నియమం ఎక్కడా లేదు. పెళ్లి పత్రంలో పేర్లు ఇద్దరి పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా ఉండాలన్నదే ముఖ్యం. లక్ష్మిలో “ఎక్స్” ఉందా, “కె ఎస్ హెచ్” ఉందా అన్నది సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో తెర మీద చూపించినప్పుడే చూసుకోవాలి. ముద్ర పడ్డాక సవరణకు మళ్లీ ఇద్దరూ ఒకే ఊళ్లో ఉండవలసి రావచ్చు.

తల్లిదండ్రుల పేర్లతో సహా అమ్మాయి జనన ధ్రువపత్రం కూడా ఇప్పుడే తీసి ఉంచుకోండి. హెచ్-4కు అది అంతగా అవసరపడకపోయినా, పదేళ్ల తర్వాత ఐ-485 వేసేటప్పుడు దాని కోసం అక్కడి నుంచి మునిసిపాలిటీ చుట్టూ తిరగడం కష్టం.

ఐదో మెట్టు: వివాహ నమోదు

హిందూ వివాహ చట్టం, 1955 కింద జరిగిన పెళ్లిని సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదు చేయించాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి నిర్బంధ వివాహ నమోదు చట్టం వచ్చినప్పటి నుంచి ఇది ఐచ్ఛికం కూడా కాదు. శుభలేఖ, పెళ్లి ఫొటో, వయసు, చిరునామా రుజువులు, సాక్షులతో ఇద్దరూ స్వయంగా వెళ్లాలి. పెళ్లి ఆదివారం అయితే మంగళవారానికో బుధవారానికో ముందుగానే సమయం తీసుకుని పెట్టుకోండి. అబ్బాయి సెలవులో పదహారు రోజుల పండుగ కంటే ఇదే ముందుకు రావాలి.

వీసా తొందరలో, అసలు పెళ్లి ఆరు నెలల తర్వాత ఉండగా ముందే పత్రం పుట్టించే అలవాటు ఒకటి ఉంది. 2024 ఏప్రిల్‌లో భారత సుప్రీంకోర్టు ఈ అలవాటును ప్రత్యేకంగా తప్పుపట్టింది: సప్తపది వంటి కర్మలు జరగకుండా నమోదు మాత్రమే చేసుకుంటే హిందూ వివాహ చట్టం కింద అది పెళ్లే కాదని చెప్పింది, విదేశీ వీసాల కోసం ఇలా చేయడాన్ని ఆ తీర్పులోనే ప్రస్తావించింది. తేదీ ముందుకు రావలసిన అవసరం నిజంగా ఉంటే, అన్నవరంలోనో మరో గుడిలోనో పది మంది సమక్షంలో శాస్త్రోక్తంగా పెళ్లి చేసి నమోదు చేయించండి. విందు, ఊరేగింపు తర్వాత పెట్టుకోవచ్చు.

మతాంతర వివాహమైతే ప్రత్యేక వివాహ చట్టం, 1954 వర్తిస్తుంది. ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులు నివసించి ఉండాలి, నోటీసు ఇచ్చాక మరో 30 రోజులు ఆగాలి. మూడు వారాల సెలవుతో ఇది సాధ్యం కాదు. అబ్బాయి రాకముందే నోటీసు ఎలా ఇవ్వాలో వివాహ అధికారిని అడిగి తెలుసుకోవాలి. ముస్లిం కుటుంబాలు నికానామాతో పాటు వక్ఫ్ బోర్డు ఇచ్చే వివాహ ధ్రువపత్రం తీసుకుంటే అనువాదం బాధ తప్పుతుంది.

వీడియో కాల్‌లో పెళ్లి చేసుకుని అమెరికాలోని ఒక కౌంటీ నుంచి పత్రం తెచ్చుకునే పద్ధతి కూడా వినిపిస్తోంది. ఇద్దరూ ఒకే చోట లేకుండా జరిగిన పెళ్లిని, ఆ తర్వాత దంపతులుగా కలిసినట్టు రుజువైతే తప్ప, అమెరికా వలస చట్టం గుర్తించదు. దాని మీద వీసా ఆశలు పెట్టుకోవద్దు.

ఆరో మెట్టు: స్లాట్, ఇంటర్వ్యూ

పెళ్లి పత్రం చేతికి రాగానే డీఎస్-160 అనే వీసా దరఖాస్తు నింపి, 205 డాలర్ల రుసుము చెల్లించి, స్లాట్ తీసుకోవాలి. ఫారంలో వైవాహిక స్థితి సంతకం చేసే రోజుకు నిజమై ఉండాలి, గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లన్నీ రాయాలి. ఇంటర్వ్యూకు ముందే ఆ ఖాతాలను అందరికీ కనిపించేలా మార్చి ఉంచాలి. పెళ్లి ఫొటోలు అక్కడ కనిపించడం మంచిదే. “అవివాహిత” అని ఇంకా ఉంటే అది సరిచేసుకోండి.

నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌కు తీసుకువెళ్లే ఫైలులో భర్త ఐ-797, పాస్‌పోర్టు, వీసా ప్రతులు, ఇటీవలి మూడు నెలల జీతం రసీదులు, డబ్ల్యూ-2 అనే వార్షిక జీతం, పన్ను పత్రం, యజమాని ఉత్తరం, వివాహ పత్రం అసలు, శుభలేఖ, పాతిక, ముప్పై ఫొటోలు ఉంటే సరిపోతుంది. మూడు కిలోల కరిజ్మా ఆల్బమ్ మోసుకెళ్లనక్కరలేదు. ఫొటోల్లో సుముహూర్తం, తలంబ్రాలు, రెండు కుటుంబాల పెద్దలు, నిశ్చితార్థం, పెళ్లి తర్వాతి రోజులు వరుసగా కనిపించాలి. భర్త ఏ కంపెనీలో, ఏ ఊళ్లో, ఏ పని చేస్తాడు, సంబంధం ఎలా కుదిరింది అన్న ప్రశ్నలు సాధారణంగా అడుగుతారు. పెద్దలు కుదిర్చిన పెళ్లి అని నిస్సంకోచంగా చెప్పవచ్చు. ఎన్ని రోజులు మాట్లాడుకున్నారన్న దానికి ఇద్దరి దగ్గరా ఒకే సమాధానం ఉంటే చాలు.

అమ్మాయి ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా ఎప్పుడు ఇవ్వాలి? వీసాతో పాస్‌పోర్టు ఇంటికి వచ్చిన తర్వాతే. ఇంటర్వ్యూలో 221(జి) చీటీ ఇచ్చి అదనపు పరిశీలనకు పంపితే వారాలు గడిచిపోవచ్చు. పెళ్లికి జీతం లేని సెలవు పెట్టి, నోటీసు కాలం లెక్కవేసుకుని విమానం టికెట్ కొనడం తెలివైన పని.

ఏడో మెట్టు: దిగిన రోజు, ఆ తర్వాత

మా చెల్లెలి విషయంలో మేము అన్నీ సరిగ్గా చేశామనుకున్నాం. మా బావ ఐ-797 మరో రెండున్నరేళ్లు ఉంది, వీసా కూడా అప్పటి వరకే ఇచ్చారు. విమానాశ్రయంలో అధికారి పాస్‌పోర్టు తిప్పి చూసి ముద్ర వేశాడు, పక్కన చేత్తో ఒక తేదీ రాశాడు. ఆ తేదీ ఆమె పాస్‌పోర్టు ముగిసే తేదీ, అప్పటికి తొమ్మిది నెలలే ఉంది. మేము దానిని గమనించింది నాలుగు నెలల తర్వాత, ఈఏడీ దరఖాస్తు నింపేటప్పుడు. ఈఏడీ ఐ-94 గడువు దాటి ఇవ్వరు కాబట్టి, కార్డు వచ్చేసరికి దాని మీద మిగిలింది ఏడు వారాలు. కొత్త పాస్‌పోర్టు తీసుకుని, ఐ-539 ద్వారా హెచ్-4 పొడిగించుకుని, ఈఏడీకి మళ్లీ దరఖాస్తు చేసి, ఆమె మొదటి జీతం అందుకునేసరికి దిగి దాదాపు ఏడాదిన్నర అయింది. పాస్‌పోర్టు నాలుగో మెట్టులోనే మార్చుకోమన్నది అందుకే.

కాబట్టి దిగిన వారంలో అమెరికా కస్టమ్స్, సరిహద్దు విభాగం వెబ్‌సైట్ నుంచి ఐ-94 ప్రతి తీసుకుని పేరు, హోదా, గడువు చూసుకోవాలి. అధికారి వైపు పొరపాటు అయితే దగ్గరలో ఆ విభాగానికి ఉన్న “డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్” కార్యాలయంలో సరిచేయించుకోవచ్చు.

భర్తకు ఐ-140 ఆమోదం ఉంటే, ఆ ఐ-94తో, వివాహ పత్రంతో, భర్త ఐ-797 పత్రాలతో ఈఏడీ కోసం ఐ-765 దరఖాస్తు వేయాలి. కాగితం మీద వేస్తే రుసుము 520 డాలర్లు. అదే ఫారంలో సోషల్ సెక్యూరిటీ నంబరు కోరే గడి ఉంది, దానిని వదిలేయకండి. ఈఏడీ లేని హెచ్-4కు ఆ నంబరు ఇవ్వరు. అప్పుడు పన్ను ఉమ్మడిగా దాఖలు చేయడానికి ఐటీఐఎన్ అనే పన్ను గుర్తింపు సంఖ్య కోసం డబ్ల్యూ-7 ఫారం వేసుకోవాలి. భర్త ఉద్యోగం పోతే ఇద్దరికీ గరిష్ఠంగా 60 రోజుల వ్యవధే ఉంటుంది, కొత్త యజమాని ఆ లోపు అర్జీ వేయాలి.

ఈఏడీ పునరుద్ధరణలో ఇటీవల వచ్చిన మార్పు చాలామందిని దెబ్బతీస్తోంది. గడువులోపు దరఖాస్తు చేస్తే పాత కార్డు 540 రోజుల వరకు దానంతట అదే పొడిగింపు పొందే వెసులుబాటును, 2025 అక్టోబరు 30న, ఆ తర్వాత వేసిన దరఖాస్తులకు తీసేశారు. కొత్త కార్డు రాకముందే పాతది ముగిస్తే ఆ రోజు నుంచి పనికి వెళ్లకూడదు. గడువుకు 180 రోజుల ముందు నుంచి దరఖాస్తు వేయవచ్చు. అయితే అప్పటికి భర్త హెచ్-1బి పొడిగింపు, భార్య హెచ్-4 పొడిగింపు కూడా కదలాలి, ఆ కదలిక భర్త యజమాని న్యాయవాది చేతిలో ఉంటుంది. కార్డు వచ్చిన రోజునే దాని గడువు నుంచి ఆరు నెలలు వెనక్కి లెక్కవేసి ఇద్దరి ఫోన్లలోనూ గుర్తు పెట్టుకోండి. దానికి ఒక నెల ముందే, పొడిగింపు మొదలుపెట్టమని యజమానికి భర్త రాతపూర్వకంగా ఒక ఉత్తరం పంపాలి.